కందెన నుంచి ఫిట్‌నెస్ పత్రం దాకా: మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో వాహన తనిఖీ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

హైదరాబాదు ఉత్తర శివారులోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఎడ్లబండి, రైలు, ప్రభుత్వ బస్సు, లారీ, బడిబస్సు అనే దశలన్నింటినీ చూసింది. వాహనం ప్రయాణానికి తగిన స్థితిలో ఉందా లేదా అని చూసే బాధ్యత ఈ దశల్లో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బండిని నడిపేవాడు అలవాటుగా చేసుకొనే సంరక్షణ, రాజ్యం నిర్ణీత కాలానికి ఒకసారి జరిపే పరీక్ష అనేవి రెండు వేరువేరు సంప్రదాయాలనీ, రెండవది బలపడినంత మాత్రాన మొదటిదాని అవసరం తీరలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కందెన, మేర, రోడ్డు రవాణా శాఖ, డిపో, బ్రేక్ ఇన్‌స్పెక్టర్, ఫిట్‌నెస్ పత్రం, బడిబస్సు, మేడ్చల్, శామీర్‌పేట.

1. ఉపోద్ఘాతం:

రవాణా చరిత్రపై వచ్చిన రచనలు ఎక్కువగా దారుల నిర్మాణాన్ని, సంస్థల స్థాపనను, వాహనాల సంఖ్యను వివరిస్తాయి. వాహనాన్ని నడిచే స్థితిలో నిలబెట్టిన పనిని, ఆ పని చేసిన మనుషులను అంతగా పట్టించుకోవు. నూనె మార్చడం, చక్రాల మరలు బిగించడం, బ్రేకు సరిచూడడం వంటివి జరిగినంత కాలం ఎవరి కంటికీ కనబడవు, జరగని రోజున మాత్రం వార్తలవుతాయి. ఈ కారణం వల్లనే వీటి చరిత్రను శాసనాలలో కంటే నుడికారంలో, పనిముట్ల పేర్లలో, ఉద్యోగ నామాల్లో వెతకవలసి వస్తుంది.

ఈ పరిశీలనకు మేడ్చల్, శామీర్‌పేట అనువైన క్షేత్రం. నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఒక తాలూకా. తరువాత హైదరాబాదు జిల్లాలో, 1978 ఆగస్టు 15 నుంచి రంగారెడ్డి జిల్లాలో భాగమైంది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. ఆ జిల్లా కలెక్టరేటు శామీర్‌పేట మండలంలోని అంతాయిపల్లిలో ఉంది. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాదు వైపు రైలుమార్గం సాగుతాయి. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి ఉంది. ఈ రెండు దారులనూ బాహ్య వలయ రహదారి అడ్డంగా కలుపుతుంది.

2. ఎడ్లబండి కాలం – ఇరుసు, కందెన, మేర:

మోటారు రాకముందు ఈ ప్రాంతపు ప్రధాన వాహనం ఎడ్లబండి. దాని సంరక్షణలో మూడు అంచెలు ఉండేవి. మొదటిది బండివాని నిత్యకృత్యం. బయలుదేరే ముందు ఇరుసు చివరి చీలలు గట్టిగా ఉన్నాయా, చక్రపు ఆకులు కదులుతున్నాయా, కాడి తాళ్లు నలిగాయా అని చూసుకోవడం ఇందులోకి వస్తుంది. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి తయారుచేసిన కందెనను ఇరుసుకు పూయడం ఈ అంచెలో ముఖ్యమైన పని. కందెన గొట్టం బండికిందే వేలాడుతూ ప్రయాణమంతా వెంట ఉండేది. రెండవ అంచె వడ్రంగిది, మూడవది కమ్మరిది. ఆకు విరిగితే వడ్రంగి కొత్తది అమర్చేవాడు. ఇనుప పట్టా వదులైతే కమ్మరి దానిని కాల్చి, చక్రానికి ఎక్కించి, నీళ్లు పోసి బిగించేవాడు.

ఈ వృత్తిదారులకు ప్రతిఫలం పంట కళ్లం దగ్గర ధాన్య రూపంలో అందేది. దీనినే 'మేర' అంటారు. ఒక్కొక్క పనికి కాక ఏడాదంతటికీ కలిపి ఇచ్చే ప్రతిఫలం కావడం వల్ల, చిన్న లోపానికే బండిని వడ్రంగి ఇంటికి తోలుకుపోవడానికి రైతు వెనుకాడవలసిన పని లేదు. చిన్న మరమ్మతును వాయిదా వేసే ఆర్థిక కారణం ఈ ఏర్పాటులో తక్కువ. అయితే దీనిని ఆదర్శ వ్యవస్థగా చూడరాదు. కులవృత్తి కట్టుబాటు, చాలీచాలని ప్రతిఫలం దాని రెండవ ముఖం.

ఈ అనుభవం తెలుగు నుడికారంలో రెండు విధాలుగా నిలిచింది. 'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అనే సామెత నిర్లక్ష్యాన్ని ఎత్తిపొడుస్తుంది. లోపం శబ్దంగా ముందే వినబడుతుందనే పనివాని జ్ఞానం కూడా ఇందులో ఉంది. బద్దెన రచనగా ప్రసిద్ధమైన సుమతీ శతకంలో ఇదే కందెన మరో అర్థంలో కనిపిస్తుంది. గ్రామ కరణాన్ని అనుసరించి మెలగవలసిన అవసరాన్ని చెప్పడానికి శతకకారుడు ఇరుసు కందెనను పోలికగా తెచ్చాడు. ఒకే మాట ఒకచోట బండి సంరక్షణకు, మరొకచోట అధికారిని మంచి చేసుకోవడానికి గుర్తయింది. తరువాతి కాలపు వాహన తనిఖీ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ రెండు అర్థాలూ అవసరమవుతాయి.

3. రైల్వే నీడలో పుట్టిన బస్సు:

నిజాం రాష్ట్రంలో రైల్వే 1930లో ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చింది. 1932 జూన్ 15న ఆ రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ తొలి తరానికి చెందినవి.

బస్సు శాఖ రైల్వేకు అనుబంధంగా పుట్టడం తనిఖీ చరిత్రలో గమనింపదగిన విషయం. రైలు బండి కదలడానికి ముందు చక్రాలను సుత్తితో తట్టి, వచ్చే నాదాన్ని బట్టి పగులును గుర్తించే పద్ధతి రైల్వేల్లో ఉండేది. సామెతలోని సంగీతం ఇక్కడ పరీక్షా సాధనంగా మారింది. సికింద్రాబాదు పక్కనే 1893లో ఏర్పడిన లాలాగూడ కార్ఖానా ఇటువంటి క్రమబద్ధమైన పనికి కేంద్రంగా ఉండేది. ఫలానా వ్యవధికి ఫలానా భాగాన్ని విప్పి చూడాలి, చూసిన సంగతిని రాసి పెట్టాలి, రాసినవాడు దానికి జవాబుదారీ కావాలి అనే రైల్వే క్రమశిక్షణ బస్సు శాఖకు వారసత్వంగా వచ్చిందని భావించడానికి అవకాశం ఉంది. సొంత బండిపై యజమానికుండే శ్రద్ధ స్థానంలో ఇక్కడ సంస్థాగతమైన పట్టిక వచ్చింది.

4. డిపో దినచర్య:

1951 నవంబరు 1న ఈ శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోకి వచ్చింది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. మేడ్చల్‌లోనూ ఆర్టీసీ డిపో వెలిసింది.

ఆర్టీసీ సంరక్షణ విధానంలో పనులను 'షెడ్యూళ్లు'గా విభజిస్తారు. మొదటి షెడ్యూలు ప్రతిరోజూ జరిగేది. బస్సు రాత్రి డిపోకు చేరగానే డ్రైవరు తన దృష్టికి వచ్చిన లోపాలను రాసి ఇస్తాడు. గ్యారేజీ సిబ్బంది వాటిని సరిచేసి, నూనె, నీరు, టైర్ల గాలి, బ్రేకులు, దీపాలు చూసి తెల్లవారేసరికి బస్సును సిద్ధం చేస్తారు. పై షెడ్యూళ్లు మరింత దీర్ఘమైన వ్యవధుల్లో, మరింత లోతుగా జరుగుతాయి. డిపోలో సాధ్యం కాని పనులకు ఉప్పల్ వంటి జోనల్ వర్క్‌షాపులు ఉన్నాయి.

ఈ పద్ధతిలో రెండు విశేషాలు ఉన్నాయి. మొదటిది, నడిపేవాని మాటకు రాతలో స్థానం దొరకడం. స్టీరింగు ఒక పక్కకు లాగుతోందని డ్రైవరు రాస్తే, దానిని చూశామని గ్యారేజీ రాయాలి. రెండవది, శ్రమకు పేరు దొరకడం. గ్యారేజీలో తొలి మెట్టు ఉద్యోగానికి 'శ్రామిక్' అనే పేరుంది. గ్రీసు, నూనె మధ్య రాత్రిపూట జరిగే ఈ పనిని ప్రయాణికుడు చూడడు. దసరా ఆయుధపూజ రోజున గ్యారేజీలో పనిముట్లకు, బస్సులకు పసుపు కుంకుమలు పెట్టేటప్పుడు మాత్రం ఆ శ్రమ కొంత బహిరంగమవుతుంది. వడ్రంగి బాడిసకు, కమ్మరి సుత్తికి జరిగిన పూజే స్పానరుకూ జరుగుతున్నది.

5. చట్టం, పత్రం, 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్':

రాజ్యం జరిపే తనిఖీకి పునాది వేరు. రవాణా వాహనానికి ఫిట్‌నెస్ పత్రం తప్పనిసరి అని 1939 మోటారు వాహనాల చట్టం 38వ సెక్షన్ నిర్దేశించింది. 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన 1988 చట్టంలో ఈ విషయం 56వ సెక్షన్‌లో ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 62వ నియమం పరీక్షించవలసిన అంశాలను పట్టికగా ఇచ్చింది. ముందు దీపాలు, ఇతర దీపాలు, వెనుక చూపే అద్దం, గాజు, హారను, సైలెన్సరు, వైపరు, పొగ, బ్రేకులు, స్పీడోమీటరు, స్టీరింగు అందులో ఉన్నాయి. 2018 సవరణ తరువాత రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకు ఒకసారి, ఆపైన ఏటా ఈ పత్రాన్ని పునరుద్ధరించుకోవాలి.

మోటారు వాహనాల తనిఖీ అధికారికి తెలుగునాట జనం పెట్టుకున్న పేరు 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్'. ప్రభుత్వ పత్రాలలో లేని ఈ పేరు పల్లెల్లో, లారీ అడ్డాల్లో అసలు హోదా పేరు కంటే ఎక్కువగా వినిపిస్తుంది. వాహనాన్ని కొంత వేగంతో పోనిచ్చి, బ్రేకు వేయించి, ఎంత దూరంలో ఆగిందో చూసే పరీక్ష జనం కళ్లకు కనబడేది కాబట్టి అధికారికి ఆ పేరు స్థిరపడి ఉండవచ్చు. పట్టికలోని మిగిలిన అంశాలు జనం దృష్టిలో అప్రధానమయ్యాయని కూడా ఈ పేరు చెబుతుంది. బండిని ఆపే అధికారం గల వ్యక్తి అనే శ్లేష సైతం దీనిలో ధ్వనిస్తుంది. శతకంలో కరణం ఉన్న స్థానంలోకి ఆధునిక కాలంలో ఈ అధికారిని జనవ్యవహారం చేర్చింది.

సొంత వాహనాల విషయంలో చట్టం మరింత ఉదారంగా ఉంది. మోటారు సైకిలు, కారు వంటి రవాణేతర వాహనాల నమోదు పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాతే పునరుద్ధరణ సందర్భంలో తనిఖీ వస్తుంది. ఈ మధ్యకాలంలో కాలుష్య ధ్రువపత్రం మాత్రమే నియతకాలికంగా అవసరం. అది పొగను కొలుస్తుంది కానీ బ్రేకును చూడదు. శివారు కాలనీల్లో అత్యధిక కుటుంబాలు వాడే వాహనాల భద్రత ఈ విధంగా యజమాని శ్రద్ధకే మిగిలింది.

ఇతర దేశాల అనుభవం పోలికకు ఉపకరిస్తుంది. బ్రిటన్‌లో 1960లో పదేళ్లు దాటిన వాహనాలకు బ్రేకులు, దీపాలు, స్టీరింగు పరీక్ష తప్పనిసరి అయింది. ఆ వయసును 1961లో ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు తగ్గించారు. సొంత కార్లకూ ఇది వర్తిస్తుంది. జర్మనీలోని తనిఖీ సంఘాల మూలం మోటారు కంటే పాతది. మన్‌హైమ్‌లో 1865లో ఒక ఆవిరి బాయిలరు పేలిన తరువాత, 1866లో బాయిలర్ల యజమానులే తమ యంత్రాల పరీక్షకు సంఘంగా ఏర్పడ్డారు. అక్కడ తనిఖీ మొదట యజమానుల సమష్టి బాధ్యతగా పుట్టి తరువాత చట్టబద్ధమైంది. ఇక్కడ చట్టం నుంచి మొదలై యజమాని దాకా పూర్తిగా చేరలేదు.

6. మారిన దారులు, బడిబస్సులు:

గత మూడు దశాబ్దాల్లో మేడ్చల్, శామీర్‌పేట స్వరూపం మారింది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో నెలకొంది. జీనోమ్ వ్యాలీ పరిశ్రమలు, కండ్లకోయ, మైసమ్మగూడ పరిసరాల ఇంజనీరింగ్ కళాశాలలు, ప్రైవేటు పాఠశాలలు విస్తరించాయి. 2018లో కండ్లకోయ కూడలి పూర్తికావడంతో 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి సంపూర్ణమైంది. ఒకప్పుడు ప్రయాణికుల రవాణాలో ఆర్టీసీ బస్సుదే పెద్ద వాటా. ఇప్పుడు కళాశాల బస్సులు, కంపెనీ బస్సులు, బడి వ్యానులు, ఆటోలు ఉదయం, సాయంత్రం ఈ దారులను నింపుతున్నాయి.

ఈ మార్పు వల్ల వాహనాలు పెరిగాయి కానీ డిపో పెరగలేదు. ఆర్టీసీ బస్సుకు రాత్రి చేరుకోవడానికి గ్యారేజీ, చూసే మనిషి, రాసే పుస్తకం ఉన్నాయి. ఒక చిన్న పాఠశాలకు చెందిన రెండు మూడు బస్సులు రాత్రి బడి ఆవరణలోనో, డ్రైవరు ఇంటి ముందో నిలుస్తాయి. లోపం తలెత్తినప్పుడు రహదారి పక్క మెకానిక్ షెడ్డుకు వెళతాయి. ఆ మెకానిక్ నైపుణ్యం తక్కువని చెప్పడానికి వీల్లేదు. అయితే అతని వద్దకు బండి చెడిన తరువాతే వస్తుంది. చెడకముందు చూసే ఏర్పాటు, దానికి ప్రతిఫలం ఈ వ్యవస్థలో లేవు. మేర పద్ధతిలో ఏడాదంతటికీ ఉన్న సంబంధం ఇక్కడ ఒక్కొక్క మరమ్మతుకు ఇచ్చే బిల్లుగా మారింది.

ఈ లోటును నియమావళి కొంతవరకు గుర్తించింది. విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. వేసవి సెలవుల్లో వాటిని సరిచేయించి, మళ్లీ పరీక్షకు తెచ్చి, జూన్‌లో బడులు తెరిచే నాటికి పత్రం పొందాలి. పదిహేనేళ్లు దాటిన బస్సును పిల్లల కోసం నడపరాదు. ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సాధనం, అత్యవసర ద్వారం ఉండాలి. తల్లిదండ్రుల కమిటీ నెలకోసారి బస్సు స్థితిని పరిశీలించాలనే నిబంధన కూడా ఉంది. జూన్ నెలలో రవాణా శాఖ జరిపే ప్రత్యేక దాడులు ఏటా పత్రికల్లో వస్తాయి. నెలవారీ పరిశీలన గురించిన ప్రస్తావన అంతగా కనిపించదు. ఏడాదికి ఒకరోజు జరిగే అధికారిక పరీక్ష వార్త అయింది, పన్నెండుసార్లు జరగవలసిన పరిశీలన వార్త కాలేదు.

7. మూడు ప్రమాదాలు – తనిఖీ హద్దులు:

ఇటీవలి మూడు దుర్ఘటనలు తనిఖీ శక్తిని, హద్దులను విడివిడిగా చూపుతాయి. మేడ్చల్ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారిపైనే, దక్షిణాన మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద 2013 అక్టోబరు 30న ఒక ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది మరణించారు. బయటపడే దారులు, ఇంధన ట్యాంకు అమరిక అప్పుడు చర్చకు వచ్చాయి. దీపాలు, బ్రేకులు బాగున్నంత మాత్రాన బస్సు నిర్మాణం సురక్షితమని చెప్పలేమనే విషయం దీనితో స్పష్టమైంది.

మేడ్చల్ నుంచి ఉత్తరంగా వెళ్లే రైలుమార్గంపై మాసాయిపేట వద్ద 2014 జూలై 24న కాపలా లేని గేటు దాటుతున్న బడిబస్సును రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఎంత బాగా పరీక్షించిన బస్సునైనా ప్రమాదకరమైన దారి బలితీసుకోగలదు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్ల తొలగింపు 2019 జనవరి నాటికి గానీ పూర్తి కాలేదు.

మూడవది 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ దారిలో జరిగిన ఆర్టీసీ బస్సు ప్రమాదం. 60 మందికి పైగా మరణించారు. పరిమితికి మించిన ప్రయాణికులు, బస్సు పాతదనం, బ్రేకుల స్థితి, ఎంచుకున్న దారి అన్నీ అప్పట్లో చర్చనీయమయ్యాయి. డిపో సంప్రదాయం ఉన్నంత మాత్రాన భద్రత దానంతటదే రాదని ఈ ఘటన హెచ్చరిస్తుంది. బస్సుల కొరత, సిబ్బంది కొరత, ఆదాయపు ఒత్తిడి పెరిగినప్పుడు షెడ్యూలు పుస్తకంలో మిగిలి, పనిలో సన్నగిల్లే ప్రమాదం ఏ సంస్థకైనా ఉంటుంది.

8. యంత్రం చేతికి తనిఖీ:

2019 నాటి చట్ట సవరణ, 2021 సెప్టెంబరులో వెలువడిన నియమాలు స్వయంచాలిత పరీక్షా కేంద్రాలకు దారి తీశాయి. చక్రాలను రోలర్లపై తిప్పి బ్రేకు బలాన్ని కొలవడం, దీపపు కాంతి దిశను, పొగను, చక్రాల పక్కజారుడును యంత్రాలతో నమోదు చేయడం వీటి పని. భారీ వాహనాలకు దీనిని తప్పనిసరి చేసే గడువును 2023 ఏప్రిల్ నుంచి 2024 అక్టోబరుకు వాయిదా వేశారు. అధికారి విచక్షణను, దానితో పాటు అవకతవకలకు అవకాశాన్ని తగ్గించడం ఈ మార్పు ఉద్దేశాల్లో ఒకటి. శతకం చెప్పిన రెండవ అర్థపు కందెన అవసరం లేకుండా చేయాలనే ప్రయత్నంగా దీనిని చూడవచ్చు.

ఈ ప్రయత్నం ఆహ్వానించదగినదే. అయినా యంత్రం కొలిచేది పరీక్ష జరిగిన రోజు స్థితిని మాత్రమే. పరీక్ష కోసం మంచి టైర్లు అమర్చి, తరువాత పాతవి తగిలించుకుంటే యంత్రానికి తెలియదు. పత్రం పొందిన మూడవ నెలలో అరిగిన బ్రేకు పట్టీని గుర్తించవలసింది డ్రైవరే. మొదటి అర్థపు కందెనకు యంత్రం ప్రత్యామ్నాయం కాదు.

9. ముగింపు:

ఎడ్లబండి కాలంలో వాహన సంరక్షణ బండివాని అలవాటులో, వృత్తిదారుల వార్షిక సంబంధంలో ఉండేది. ఆర్టీసీ దానిని సంస్థాగతమైన దినచర్యగా మార్చింది. చట్టం దానికి సమాంతరంగా నియతకాలిక పరీక్షను నిలబెట్టింది. ప్రైవేటు రవాణా విస్తరించినకొద్దీ పరీక్ష నిలిచింది, దినచర్యకు ఆధారమైన డిపో వంటి ఏర్పాటు మాత్రం వెనుకబడింది. మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో నేటి సమస్య ప్రధానంగా పత్రం ఉండడం, లేకపోవడం కాదు. రెండు పత్రాల మధ్యకాలంలో వాహనాన్ని చూసేది ఎవరు, చూసిన సంగతిని రాసేది ఎక్కడ, ఆ పనికి ప్రతిఫలం ఇచ్చేది ఎవరు అన్నవే అసలు ప్రశ్నలు.

వీటికి సమాధానాల మూలాలు ఈ చరిత్రలోనే ఉన్నాయి. డ్రైవరు రాసిన లోపానికి జవాబు రాయవలసిన డిపో పుస్తకం, నెలకోసారి తల్లిదండ్రులు బస్సును చూడాలనే నిబంధన, చెడకముందే చూసినందుకు మెకానిక్‌కు దక్కే వార్షిక ప్రతిఫలం కొత్తగా కనిపెట్టవలసినవి కావు. ఒక్కొక్క పాఠశాలకు సాధ్యం కాని గ్యారేజీని పక్కపక్కనే ఉన్న పది పాఠశాలలు ఉమ్మడిగా ఏర్పరచుకోవడం, లేదా సమీపంలోని ఆర్టీసీ డిపో సేవలను రుసుముపై పొందడం ఆలోచించదగిన మార్గాలు. వీటి సాధ్యాసాధ్యాలను గ్యారేజీ పుస్తకాలు, మెకానిక్‌ల, డ్రైవర్ల మౌఖిక కథనాల ఆధారంగా పరిశీలిస్తే రవాణా చరిత్రతో పాటు శ్రమ చరిత్ర కూడా సుసంపన్నమవుతుంది. 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్'తో పాటు శ్రామిక్, మెకానిక్, డ్రైవరు కూడా ఆ చరిత్రలో చేరవలసిన పేర్లు.